సన్యాసినాయుడు గారి ఆఖరి తేదీ

మనిషిని చంపడానికి కత్తులూ కటార్లూ కావాలనుకుంటారు గానీ, అదంతా దండగండీ. ఒక కుంచె, అర డబ్బా తెల్లరంగు, కాస్త శ్రద్ధ ఉంటే చాలు. ఇరవై మూడేళ్ళ వయసులో నేను వాటితోనే నర్సీపట్నం పక్కన ఒక నిండు మనిషిని చావు గుమ్మం దాకా తోలుకెళ్ళాను. అదీ దొంగచాటుగా కాదు. ప్రభుత్వ అనుమతితో, విశ్వవిద్యాలయం పర్యవేక్షణలో, ఒక ప్రైవేటు కంపెనీ ఇచ్చే జీతం తీసుకుంటూ! ఇంతమంది పెద్దల అండతో జరిగిన హత్యాయత్నం మన ప్రాంతంలో మరొకటి ఉండదని నా నమ్మకం.

తొంభైల చివరి రోజులవి. జీడితోటల్లో పూత మీద దోమ పడి కొమ్మకి కొమ్మ మాడిపోతుండేది. ఒక పురుగుమందుల కంపెనీ దానికి కొత్త మందు తయారుచేసింది. మందు కంపెనీది, పరీక్ష ఎలా చెయ్యాలో చెప్పేది విశ్వవిద్యాలయం, జీపు వ్యవసాయ శాఖది. ముగ్గురూ కూర్చుని ఇంగ్లీషులో ఒప్పందం రాసుకుని, సీళ్ళు కొట్టుకుని, ఫొటో కూడా దిగారు. ఇక ఎండలో నిలబడి దోమల్ని లెక్కపెట్టడానికి ఒకడు కావాలి కదా. ఆ ఒకణ్ణి నేను. పేరు ఏలియా, చదువు బి.ఎస్సీ., ఉద్యోగం ఫీల్డ్ అసిస్టెంటు, టెంపరరీ.

"ఏప్రిల్లో ముగ్గురం కలిసి తోట చూడ్డానికి వస్తాం," అన్నాడు కంపెనీ మేనేజరు. "అంతా సవ్యంగా ఉంటే నిన్ను పర్మినెంటు చేస్తాం. లేదంటే..."

లేదంటే ఏమిటో ఆయన చెప్పక్కర్లేదు. లేదంటే మా నాన్న షెడ్డు.

మా నాన్న యోబు మేస్త్రి. మిషను చర్చి వెనకాల షెడ్డులో శవపెట్టెలు, సమాధుల మీద పాతే సిలువలు చేసేవాడు. యలమంచిలి నుంచి కూడా జనం కొలతలు పట్టుకుని వచ్చేవారు. నేను చిన్నప్పుడు ఆ పెట్టెల మీద కూర్చునే ఎక్కాలు వల్లెవేశాను. ఆ వార్నిష్ వాసన నుంచి ఎలాగైనా పారిపోవాలన్నదే నా జీవితాశయం.

పరీక్షకి ఎంచుకున్న తోట కొయ్యూరు వెళ్ళే దారిలో, కొండ మొదట్లో ఉంది. దాని ఆసామి సన్యాసినాయుడు గారు. అరవై దగ్గర పడుతున్నా ఎడ్లని ఒంటిచేత్తో ఆపగలిగే మనిషి. మొదటిరోజు ఆయన చేతికి ఇంగ్లీషు కాగితాల కట్ట ఇచ్చాను.

"ఇందులో ఏటి రాసుంది బాబూ?"

"ఏం లేదు నాయుడు గారూ, మామూలు కాగితాలే. బేగి పెట్టేయండి, జీపు వెళ్ళిపోతోంది."

తెలుగులో వంకరటింకరగా సంతకం పెట్టేశారు. పాపం, పోలీసుల ముందు పెట్టినా ఇంతకంటే కొంచెం ఎక్కువ ఆలోచించి ఉండేవారు.

పరీక్షకి పెట్టిన ప్రతి చెట్టు దగ్గరా ఒక బోర్డు ఉండాలట. దాని మీద సహకరించే రైతు పేరు, పరీక్ష మొదలైన తేదీ, ముగిసే తేదీ రాయాలని రూలు. మొత్తం ఇరవై నాలుగు చెట్లు. నేను తిన్నగా షెడ్డుకి వెళ్ళాను.

"నాన్నా, నిలువుగా ఒక కర్ర, పైన పేరు రాయడానికి అడ్డంగా ఒక చెక్క. అలాంటివి ఇరవై నాలుగు కావాలి."

"ఇరవై నాలుగే!" నాన్న గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "ఏటిరా, ఎక్కడైనా బస్సు బోల్తా పడిందా?"

"పరిశోధన నాన్నా."

"ఏదైతే ఏటి. ఎల్లుండి పట్టుకెళ్ళు."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మా ఇంట్లో ఏది చేయబోయినా సిలువ అవుతుంది. నాన్న చేతికి అదొక్కటే కొలత తెలుసు. నా కళ్ళకీ అదొక్కటే అలవాటు. మీరు నమ్మరు గానీ, ఒట్టు, అవి నాకు బోర్డుల్లాగే కనిపించాయి. తెల్లరంగు వేసి, నాన్న నేర్పిన గుండ్రటి అక్షరాలతో అడ్డచెక్క మీద "శ్రీ సన్యాసినాయుడు" అని రాశాను. దాని కింద జనవరిలో ఒక తేదీ, ఒక గీత, ఏప్రిల్లో ఒక తేదీ. ఖాళీ బాగోలేదని మూలకి ఒక చిన్న పువ్వు కూడా వేశాను.

జనవరి పొద్దున్న వాటిని పాతాం. కొండ మీంచి దిగిన మంచు తోటంతా పరుచుకుని ఉంది. జీడికొమ్మలు నేలని తాకుతున్నాయి. వాటి సందుల్లోంచి ఒకదాని వెనక ఒకటి తెల్లగా, వరసగా, ఇరవై నాలుగు. ఒక్క పిట్ట కూడా అరవలేదు. నా వీపు మీద సన్నగా వణుకు పుట్టింది. చలి అనుకుని మఫ్లరు బిగించుకున్నాను.

మర్నాటి నుంచి కూలీలు రావడం మానేశారు.

"ఎందుకు రారండీ?" అనడిగాను.

నాయుడు గారు మొదటి బోర్డు ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నారు. తల తిప్పలేదు. "రారు బాబూ. ఆళ్ళకి పిల్లలున్నారు."

ప్రతి సోమవారం దోమల్ని లెక్కపెట్టడంతో పాటు, మందు కొట్టిన తోటలో తిరిగే రైతు ఆరోగ్యం ఎలా ఉందో కూడా రాయాలి. అదీ రూలే. నేను రూళ్ళ దగ్గర మహా గట్టివాణ్ణి.

"నిద్ర పడుతోందాండీ?"

"లేదు బాబూ."

"ఆకలి?"

"లేదు."

"గుండె దడ?"

"సానా ఉంది."

"మంచిది," అని మూడు గళ్ళలోనూ టిక్కులు పెట్టుకున్నాను. "ఇంకెంతండీ, రెండు నెలలు. అయిపోతే మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నూతిలోంచి చూసినట్టు చూశారు.

ఇక ఆ తరవాత తోట నన్ను పట్టుకుంది. ఒక సోమవారం వెళ్ళేసరికి ఇరవై నాలుగు బోర్డులూ వెనక్కి తిరిగిపోయి ఉన్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. అన్నీ నాకు వీపు చూపించి, కొండ వైపు మొహం పెట్టుకుని నిలబడ్డాయి. గాలి లేదు, మనిషి అలికిడి లేదు. పిలిస్తే ఇటు తిరుగుతాయేమోనని భయం వేసి నోరు కూడా విప్పలేదు. ఒక్కొక్కటే పీకి మళ్ళీ సరిగ్గా పాతాను.

పై వారం ప్రతి బోర్డు మొదట్లోనూ పసుపన్నం, నిమ్మకాయ, ఎర్రపూలు. ఇంకో వారం అడ్డచెక్కల మీద చివరి తేదీ ఒక్కటే ఎవరో గోకి చెరిపేశారు. పేరు అలాగే ఉంది, మొదటి తేదీ అలాగే ఉంది. ఒకచోట చెక్కలో గోరుముక్క కూడా గుచ్చుకుని కనిపించింది. నా స్థానంలో ఇంగితం ఉన్నవాడైతే ఆగి ఆలోచిస్తాడు. నేను పర్మినెంటు ఉద్యోగం కోసం చూస్తున్నవాణ్ణి. చెరిపినచోటల్లా మళ్ళీ రాశాను, ఈసారి ఎర్రరంగుతో, ఇంకాస్త పెద్దగా. పిచ్చివాడి చేతిలో రాయి ఉన్నా ఎవరో ఒకరు లాక్కుంటారు. చదువుకున్నవాడి చేతిలో కుంచె ఉంటే ఎవడు లాక్కుంటాడు చెప్పండి?

రాసి వెనక్కి తిరిగేసరికి నాయుడు గారు.

"తప్పదా బాబూ?"

"తప్పదండీ. పైవాళ్ళ నిర్ణయం. ముగ్గురూ సంతకాలు చేశారు."

"నానూ ఎట్టీసినాను కదా."

"మరే."

మట్టి వంక చూస్తూ మెల్లగా అడిగారు. "నొప్పేటైనా ఉంటాదా?"

ఆయన దోమల గురించి అడుగుతున్నారనుకున్నాను. రైతుకి ఎంత జాలిగుండె అని ముచ్చటేసింది కూడా. "అబ్బే, తెలీనే తెలీదండీ. కాసేపు కాళ్ళు కొట్టుకుంటాయి. తరవాత కదలవు," అన్నాను ఉత్సాహంగా.

ఆయన లేచి వెళ్ళిపోయారు. కొద్దిసేపటికి కొమ్మల మాటున ఎవరో ఆడమనిషి సన్నగా ఏడుస్తున్న చప్పుడు. ఎటు చూసినా మనిషి లేదు. ఏడుపు మాత్రం ఒక్కో చెట్టూ దాటుకుంటూ నా వైపే వస్తోంది. నా దోమల పుస్తకం చంకలో ఇరికించుకుని, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చిన ప్రార్థనలన్నీ గుక్క తిప్పుకోకుండా చదువుకుంటూ రోడ్డు దాకా పరిగెత్తాను. తోటలో దెయ్యం ఉందని నాకు ఖాయమైపోయింది. ఆ దెయ్యం నేనేనని ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి రెండు జీపులు. ప్రొఫెసరు గారు, కంపెనీ మేనేజరు, వ్యవసాయాధికారి దిగారు. నేను ఇస్త్రీ చొక్కాతో ముందు నడిచి, కొమ్మ పైకెత్తి, "ఇది మొదటి చెట్టు సార్," అన్నాను.

మొదటి చెట్టు కింద సన్యాసినాయుడు గారు పడుకుని ఉన్నారు. తలంటు పోసుకుని, కొత్త పంచె కట్టి, చాప మీద దక్షిణం వైపు తల పెట్టి, కళ్ళు మూసుకుని. తల దగ్గర ఆయన భార్య వరాలమ్మ గారు తులసినీళ్ళ గ్లాసుతో. చుట్టూ ఊరిలో సగం మంది. అందరికీ పైన, ఎర్రటి అక్షరాలతో నా సిలువ.

ముగ్గురు పెద్దలూ ఒకడుగు వెనక్కి వేశారు.

"ఎవరీయన?" అన్నారు ప్రొఫెసరు గారు గొంతు తగ్గించి.

"సహకరించే రైతు సార్."

నేను వంగి, "నాయుడు గారూ, ఏమైందండీ?" అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఏటీ అవలేదు బాబూ. తెల్లారి నుంచి సూస్తన్నాను. మీరంతా వొచ్చాకే అవుతాది కాబోసు అనుకుంటన్నాను."

ఊరివాళ్ళలో ఒకాయన బోర్డు వైపు వేలు చూపించాడు. ముగ్గురు పెద్దలూ దగ్గరికెళ్ళి చదివారు. పేరు, తేదీ, గీత, ఈరోజు తేదీ, మూలన పువ్వు.

"ఇది ఎవరు చేశారు?" అన్నారు ప్రొఫెసరు గారు.

"మా నాన్న గారండి."

"ఆయనేం చేస్తుంటారు?"

చెప్పాను. ఆ చెప్పడంలోనే మొదటిసారి ఆ బోర్డు నాకు సిలువలా కనిపించింది. మొదటిసారి! వరసగా ఇరవై నాలుగూ కనిపించాయి. భూమి చీలితే అందులో దూరిపోదును గానీ, అక్కడ పాతిపెట్టే ఏర్పాట్లన్నీ వేరేవాళ్ళకి జరిగిపోయాయి.

ముందు తేరుకున్నది మేనేజరు. "బోర్డు మీద మా కంపెనీ పేరు రాయలేదు కదా?"

"లేదు సార్."

"విశ్వవిద్యాలయం పేరు?"

"లేదు సార్."

"మా శాఖది?"

"లేదండీ. ఒక్క నాయుడు గారిదే."

ముగ్గురూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు.

వరాలమ్మ గారు అప్పుడు నోరు విప్పారు. "నానే తిప్పీసినాను బాబూ, పేరు ఎవులికీ అగుపడకుండా. నానే గోకీసినాను ఆ తేదీని. పసుపన్నం ఎట్టిందీ, సెట్ల మాటున ఏడిసిందీ నానే. నాను సెరిపితే ఈ బాబు మళ్ళీ రాసీవోడు. పీకీద్దారనుకుంటే, తేదీ ముందుకొచ్చీస్తాదేటోనని బయ్యం. సర్కారోళ్ళు, కంపెనీవోళ్ళు, పెద్ద సదువులోళ్ళు ముగ్గురూ కలిసి రాసిందాన్ని మేమెవులం ఆపడానికి?" అంటూ భోరుమన్నారు.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. మూడు నెలలు ఒక మనిషి ప్రతి పొద్దూ లేచి తన చావు తేదీ చదువుకున్నాడు. నేను పక్కన నిలబడి గుండె దడకి టిక్కు పెట్టుకున్నాను.

ప్రొఫెసరు గారు ప్యాంటు మాసిపోతుందని కూడా చూడకుండా చాప పక్కన చతికిలబడి, ఆ ఇంగ్లీషు కాగితాలు మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చదివి చెప్పారు. నాయుడు గారు ఊ కొడుతూ విన్నారు. చివరికి లేచి కూర్చున్నారు.

"అయితే నాను సావక్కర్లేదేటి?"

"అక్కర్లేదండీ."

"దోమ సావాలి, అంతేనేటి?"

"అంతేనండీ."

"ఓలమ్మో! పాయకరావుపేట అల్లుడికి ఎడ్లు ఇచ్చీసినాను! ఒరే, బేగి ఎల్లి తోలుకురండర్రా!"

ఇక నా దోమల పుస్తకం చూశారు. కూలీలు రాని వారాలు, నేను పారిపోయిన వారాలు, అన్నీ ఖాళీలే. మేనేజరు నా వంక చూసిన చూపులో నాన్న షెడ్డు స్పష్టంగా కనిపించింది. ప్రొఫెసరు గారు తల అడ్డంగా ఊపి, "లాభం లేదు. రైతు ఒప్పుకుంటే ఈ పరీక్షని ఇంకో ఏడాది పొడిగించాలి," అన్నారు.

సన్యాసినాయుడు గారు ఒక్క ఉదుటున లేచి కాగితాల మీద పడ్డారు. "ఒక్క ఏడాదేటి సారూ, పీనాసితనం! ముగ్గురు పెద్దలున్నారు, ఓ ఇరవయ్యేళ్ళు రాసి పారేయండి. సంతకం ఏడ ఎట్టమంటారు? ఈ గుంటడి సేతే రాయించండి, ఈడి రాత గోకినా పోదు!"

ఆ ఒక్క మాట మీద నా ఉద్యోగం నిలబడింది, మరో ఏడాది టెంపరరీగా.

ఆరోజే ఆ తోటలో, అంతమంది సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. ఇక నా కంఠంలో ప్రాణం ఉండగా బతికున్న మనిషి పేరు పక్కన ఆఖరి తేదీ రాయను. ఎవరిచేతైనా ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించవలసివస్తే, జీపు వెళ్ళిపోతున్నా సరే, అక్షరం వదలకుండా తెలుగులో చదివి వినిపిస్తాను. చదవడం అయ్యాక, ఏ ఒప్పందంలోనూ ఎవరూ రాయని ఒక్క వాక్యం నా అంతట నేను కలిపి చెప్తాను: "ఇందులో మీరు చచ్చిపోరండీ."