నాన్న లెక్కపెట్టిన తూటాలు

మా మేనేజరు ఖతర్ దేశస్థుడే. చలికాలం రాగానే వాళ్ళ కుటుంబం మెసయీద్ ఊరు దాటాక ఇసుక తిన్నెల్లో గుడారాలు వేసుకుని శుక్ర, శనివారాలు అక్కడే గడుపుతుంది. పోయిన చలికాలం ఒక శుక్రవారం మధ్యాహ్న భోజనానికి మా ల్యాబ్‌లో ఇద్దరిని కుటుంబాలతో పిలిచాడు. ఒకరు నేను. రెండో ఆయన నిజామాబాద్ వైపు ముస్లిం. తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడతాడు, మనిషి సరదా. నేను ఆడవాళ్ళ గుడారంలో భోంచేశాను. తర్వాత మేనేజరే కబురు పెట్టి, మా ఆయన పక్కన నన్నూ కూర్చోబెట్టాడు. మేనేజరుకి హిందీ వచ్చు, మాటలన్నీ అందులోనే.

"మా నాన్న తుపాకి చూపిస్తాను. ల్యాబ్‌లో అందరికన్నా నిలకడైన చెయ్యి నీది, నువ్వు చూడాలి" అన్నాడు.

పాతకాలపు జంట గొట్టాల వేట తుపాకి. లైసెన్సు కాగితం కూడా ఆ సంచిలోనే పెట్టుకున్నాడు. తుపాకిని మధ్యకి విరిచి లోపలికి చూసి, పన్నెండేళ్ళ కూతుర్ని పిలిచి చేతికిచ్చాడు. ఆ పిల్ల రెండు గొట్టాల్లోనూ వేలు పెట్టి, "మాఫీ, బాబా" అంది. ఏమీ లేదని. అప్పుడుగానీ దాన్ని నిజామాబాద్ ఆయనకు ఇవ్వలేదు.

"ఇది మా నాన్న నేర్పిన పద్ధతి. ఇచ్చేవాడు చూడాలి, పుచ్చుకునేవాడు మళ్ళీ చూడాలి" అన్నాడు మేనేజరు. తనకి ఏడేళ్ళప్పుడు మొదటిసారి పేల్చి ఇసుకలో వెల్లకిలా పడ్డాడట. తండ్రి నవ్వకుండా చెయ్యిచ్చి లేపి, ముందు తుపాకి విరిచి చూపించమన్నాడట. "దెబ్బ తగిలిందా అని తర్వాత అడిగాడు" అని నవ్వాడు.

నిజామాబాద్ ఆయన తుపాకి భుజానికి ఆనించి చూసుకుని మురిసిపోయాడు. "మా దాదా దొర వెనుక తుపాకులు మోసుకుంట శికారుకు పోయేటోడు. పులిని కొట్టింది దొర అని ఊరంతా పేరు. గురి తప్పితే గుడ్డెలుగు తరిమింది మాత్రం మా దాదాని!" అన్నాడు. అందరం నవ్వాం. తాత చేతిలో తుపాకి ఉన్న ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదట. దొర పక్కన సగం భుజం కనబడే ఫోటో ఉందట.

"మీ ఇంట్లో?" అని మేనేజరు నన్నడిగాడు.

మా నాన్న సైన్యంలో చేసి వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో బ్యాంకు గార్డుగా చేరాడు. తుపాకి సొంతది, లైసెన్సుదే. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకునేవాడు. ప్రతి ఆదివారం వరండాలో చాప వేసి శుభ్రం చేసేవాడు. ఇదంతా చెప్పాను. "పదకొండేళ్ళు బ్యాంకు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక్కసారి కూడా పేల్చాల్సిన అవసరం రాలేదు" అన్నాను గర్వంగా.

మా ఆయన అమాయకంగా అందుకున్నాడు. "ఇంట్లో ఒకసారి పేలింది కదా? మీ చెల్లెలికి ఎడమ చెవి పోయింది అందుకేగా?"

మేనేజరు ముఖం మారింది. "సైనికుడు కదా? చూసుకోలేదా?"

"పాపం, మర్చిపోయిండు కావచ్చు" అన్నాడు నిజామాబాద్ ఆయన.

అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను. అవును, మర్చిపోయాడు అన్నట్టు. ఆ పిల్ల అప్పటికే తుపాకిని గుడ్డలో చుట్టేస్తోంది. నా ముందున్న టీ నేను తాగలేకపోయాను.

నాన్న మర్చిపోలేదు. ఆ రోజు జరిగింది ఇది.

నాకు పన్నెండేళ్ళు, చెల్లికి ఏడు. ఆదివారం పొద్దున నాన్న తుపాకి శుభ్రం చేసి, మూసి, చాప మీద పెట్టి, చేతులకి నూనె అంటిందని నూతి దగ్గరికి వెళ్ళాడు. తూటాల పెట్టె పక్కనే తెరిచి ఉంది. ఆయన ఎలా నింపుతాడో వంద సార్లు చూశాను. నేనూ చేయగలనని నాకు నేను చూపించుకోవాలనిపించింది. తుపాకి బరువుగా ఉంది, అయినా విరిచాను. ఒక తూటా పెట్టి మూశాను. 'టక్' మన్న ఆ చప్పుడు ఎంత నచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. తీసేద్దామనుకునేలోపు అమ్మ లోపల్నుంచి పిలిచింది. పరుగెత్తాను. పప్పు గిన్నె పట్టుకోమంటే పట్టుకున్నాను. తుపాకి సంగతి తలలోంచి పోయింది.

శుభ్రం చేశాక స్ప్రింగులు సడలించడానికి గోడ వైపు పెట్టి ట్రిగ్గరు నొక్కడం నాన్నకి అలవాటు. ఆ గోడ దగ్గరే మా చెల్లి బోర్లా పడుకుని ఎక్కాలు రాసుకుంటోంది. నాన్న నూతి దగ్గర్నుంచి వచ్చి నొక్కాడు, పేలింది. గొట్టం దాని మీదికి లేదు, తూటా తల పక్కనుంచి వెళ్ళింది. గోడకి పెద్ద బొక్క పడింది. దాని చెంప నిండా సున్నం పెచ్చులు గుచ్చుకున్నాయి. విశాఖపట్నం తీసుకెళ్ళారు. చెంప మానింది. ఎడమ చెవి మానలేదు.

పోలీసులు వచ్చేలోపు నాన్న పెట్టెలో తూటాలు లెక్కపెట్టాడు. ఎప్పుడూ పది ఉంటాయి. తొమ్మిది ఉన్నాయి. లెక్క అయ్యాక తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత ఎస్సై అడిగితే, "నేనే నింపి మర్చిపోయాను సార్" అన్నాడు.

లైసెన్సు పోయింది, బ్యాంకు పని పోయింది. తర్వాత జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర లాఠీకర్రతో నిలబడ్డాడు. నన్ను ఒక్కమాట అడగలేదు. నేను ఖతర్ వచ్చే ముందు మాత్రం, "ల్యాబులో జాగ్రత్త తల్లీ. ఖాళీ అని ఎవరు చెప్పినా నువ్వొకసారి చూసుకో" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. సరే నాన్నా అన్నాను, అంతే.

చెల్లి మాత్రం ఆయన్ని క్షమించలేదు. దానికి చిన్నప్పట్నుంచి ఎయిర్ ఫోర్స్ పిచ్చి. చెవి వల్ల కుదరదని కాలేజీలో తేలిపోయిన రోజు ఇంటికొచ్చి, "నీ వల్లే. తుపాకి ఖాళీయో కాదో తెలీనివాడివి సైన్యంలో ఏం చేసొచ్చావు?" అని నాన్న మొహం మీదే అడిగింది. నాన్న, "నాదే తప్పమ్మా" అన్నాడు. నేను అక్కడే, తలుపు పక్కన ఉన్నాను. ఆయన పోయినప్పుడు, అప్పటికే దోహాలో ఉంటున్న అది పదకొండో రోజుకి గానీ రాలేదు. టిక్కెట్టు దొరకలేదంది. దొరికిందని నాకు తెలుసు.

గుడారం నుంచి వచ్చాక వారమంతా నేను సరిగా అన్నం తినలేదు. మరుసటి శుక్రవారం దోహాలో అల్ ముంతజా ప్రాంతంలో ఉన్న చెల్లి ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. అది అక్కడ ఇండియన్ స్కూల్లో టీచరు. మరిది పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళాడు. అది పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"నాన్న తుపాకి గురించి ఒక మాట చెప్పాలి" అన్నాను.

"ఇప్పుడెందుకక్కా అది?"

"ఆ రోజు తూటా పెట్టింది నేను."

అది తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టింది. "ఏటి? మళ్ళీ చెప్పు."

ఇరవై ఆరేళ్ళు దాచిన మాటని రెండోసారి, ఇంకా గట్టిగా, ముక్కలు ముక్కలుగా చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి చెప్పడం అంత కష్టం కాలేదు.

అది పేపర్లు పక్కకి నెట్టింది. కోపమొస్తే దానికి మా ఊరి యాస వచ్చేస్తుంది. "నాన్నకి తెల్సా?"

"తెలుసు. తూటాలు లెక్కపెట్టాడు."

"అంటే నీకూ తెల్సు, నాన్నకీ తెల్సు. నేనొక్కర్తినే ఎర్రిదాన్ని." గొంతు పెరిగింది. "నాన్నని నేనేటన్నానో నీకు తెల్దా? పక్కనే ఉన్నావు కదే!"

"ఉన్నాను."

"మరి నోరెందుకు రాలేదు?"

మొదట్లో భయం. తర్వాత నాన్నే ఊరుకున్నాడు కదా అనే ధైర్యం. ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైపోయింది. ఇవన్నీ చెప్పబోయాను. దాని మొహం చూసి ఆగిపోయాను.

"ఎల్లిపో అక్కా. పిల్లలొచ్చే లోపు ఎల్లిపో."

వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఫోన్ చేస్తే తియ్యలేదు. మెసేజ్ పెడితే చూసింది, జవాబు లేదు. మా ఆయనకి అంతా చెప్పాను. అతను, "గుడారంలో నేను నోరు మూసుకుని ఉండాల్సింది" అన్నాడు. "కాదు, నేను తెరవాల్సింది" అన్నాను. మేనేజరుకి మాత్రం ఇంకా చెప్పలేదు. ల్యాబ్‌లో అతను నా చేతి నిలకడని మెచ్చుకుంటే చూపు తిప్పేసుకుంటున్నాను.

రంజాన్ వచ్చి వెళ్ళింది. ఈద్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం చెల్లి చెప్పకుండా మా క్వార్టరుకి వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఒకటే అడుగుతాను. నూతి దగ్గర్నుంచి వచ్చాక నాన్న తుపాకి విరిచి చూశాడా?"

ఆ క్షణంలో, చూశాడని అనాలనిపించింది. ఆయనకి నేను చేయగలిగిన సాయం అదొక్కటే అనిపించింది. కానీ ఇంకో అబద్ధం నా వల్ల కాలేదు.

"చూడలేదు. వంటింటి కిటికీలోంచి కనబడింది. తీసుకున్నాడు, నొక్కాడు."

"అయితే ఆయన తప్పూ ఉంది."

"ఉంది."

"దాంతో నీది తగ్గదు."

"తగ్గదు."

అప్పుడు లోపలికొచ్చి కూర్చుంది. "ఆయన్ని అనాల్సిన దానికన్నా ఎక్కువే అన్నాను. ఆ ఎక్కువ ఇప్పుడెక్కడికెళ్ళి చెప్పను?" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నాన్న ఫోటోలు ఏమున్నాయో అడిగి అన్నీ తన ఫోన్లోకి పంపించుకుని వెళ్ళిపోయింది.

నెల తర్వాత తనే భోజనానికి రమ్మంది. హాల్లో నాన్న ఫోటో పెట్టింది, బ్యాంకు గుమ్మం దగ్గర యూనిఫాంలో తుపాకితో నిలబడ్డది. దాని కూతుళ్ళిద్దరూ అంతకుముందు ఆ ఫోటో చూసినవాళ్ళు కాదు. తాత ఎవరినైనా కాల్చాడా అని పెద్దది తల్లిని అడిగింది.

"మీ పెద్దమ్మని అడుగు" అంది చెల్లి. అని వంటింటి గుమ్మంలో నిలబడింది.

తూటా ఎవరు పెట్టారో ముందు చెప్పి, మిగతాది తర్వాత చెప్పాను. పిల్లలు అన్నం ముద్ద చేతిలో పట్టుకునే విన్నారు. చిన్నది, "తాతకి సారీ చెప్పావా పెద్దమ్మా?" అంది.

"లేదమ్మా."

గుమ్మంలోంచి మా చెల్లెలు, "నేనూ చెప్పలేదు" అంది.