అంగిలి చూడని డాక్టరు

పోయిన నెల పెందుర్తిలోని మా క్లినిక్ బోర్డు వెలిసిపోయిందని మళ్ళీ రాయించడానికి పెయింటర్‌ని పిలిపించాను. అతను నిచ్చెన ఎక్కి, నా పేరు కింద ఉన్న ఎం.బి.బి.ఎస్.నీ, దాని పక్కనున్న బి.డి.ఎస్.నీ కాసేపు తేరిపార చూసి, "రెండూ ఒకలివేనా మేడమ్? జాగా సాలట్లేదు, ఒకటి తీసీమంటారా?" అని అడిగాడు. అక్షరాలు చిన్నవి చేసి రెండూ ఉంచమని చెప్పి లోపలికి వచ్చి కూర్చున్నాను. డాక్టరు చదువు పూర్తయ్యాక మళ్ళీ మొదటి నుంచి పళ్ళ డాక్టరు చదువు ఎందుకు చదివావని అడిగినవాళ్ళకు ఇన్నేళ్ళూ ఏదో ఒకటి చెప్పి నవ్వేసేదాన్ని. నా వయసువాళ్ళయితే అర్థం చేసుకుంటారనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఈ ప్రాంతంలోనే స్థిరపడ్డారు. మా క్వార్టర్స్‌కి రోజూ చేపలు తెచ్చే ఒకావిడను మేమంతా మామ్మ అనేవాళ్ళం. ఆమె కేక రెండు వీధుల అవతలి నుంచే వినిపించేది. గంప దించి కాసేపు మా గుమ్మంలో కూర్చుని చుట్ట కాల్చుకునేది, అదీ మామూలుగా కాదు, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని. అడ్డపొగ అంటారు దాన్ని. నోరు కాలదా అని నేను కళ్ళు విప్పార్చుకుని చూస్తుండేదాన్ని. నాకు మెడిసిన్ సీటు వచ్చిన రోజున పెద్ద వంజరం చేప తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, ఇకమీదట తన రోగాలన్నీ నా పూచీయేనని చెప్పి వెళ్ళింది.

చదువయ్యాక రేవుకు దగ్గరలోనే చిన్న గది తీసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టాను. ఒక వేసవిలో మామ్మ నోరు మండుతోందని, కారం తినలేకపోతున్నానని వచ్చింది. నేను టార్చి వేసి, నాలుక నొక్కిపట్టి, గొంతు చూసి, బి-కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపాను. వానాకాలంలో మళ్ళీ వచ్చింది, చలికాలంలో ఇంకోసారి వచ్చింది. మూడుసార్లూ గొంతే చూశాను. అడ్డపొగ తాగేవాళ్ళకు అంగిట్లో పుండు పడుతుందని, అది ముదిరితే క్యాన్సరవుతుందని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న మనిషిని, ఆమె గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి నోటి పైభాగం ఒక్కసారైనా చూడలేదు.

నాలుగోసారి ఆమె నా దగ్గరికి రాలేదు. పన్ను కదులుతోందని మార్కెట్ దగ్గరున్న ఒక పెద్ద వయసు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను కుర్చీలో పడుకోబెట్టగానే అంగిట్లో పుండు చూశాడు. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, క్యాన్సరని తేలాక నాకొక చీటీ రాశాడు. ఆ చీటీలో నింద ఒక్కటీ లేదు, పెద్దాసుపత్రిలో త్వరగా చేర్పించడానికి సాయం చేయమని మాత్రమే ఉంది. ఆపరేషన్‌లో అంగిలి సగానికి సగం తీసేశారు. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట్లాడితే గాలి తప్ప మాట లేదు. రెండు వీధులు దాటి వినిపించిన కేక అలా అయిపోయింది.

కొన్ని వారాలకు ఆ పెద్దాయనే అంగిటి రంధ్రానికి సరిగ్గా అతికేలా ఒక పలక తయారుచేసి పెట్టాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె గ్లాసెడు నీళ్ళు తాగింది, చుక్క బయటికి రాలేదు. తరవాత నావైపు తిరిగి, ఇన్నాళ్ళకు వచ్చిన మొదటి మాట నాతోనే అంది.

"నాను నోరు బాగానే తెరిసినాను గదమ్మా. నువ్వు గొంతు సూసినావు, పైకి సూళ్ళేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఇవాళ వలలో చేప పడలేదన్నట్టు అంది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

నేను మళ్ళీ చదువుతానంటే నాన్నగారు అన్నం ముందు నుంచి లేచిపోయారు. "డాక్టరువయ్యుండి ఇప్పుడు పళ్ళు పీకడం నేర్చుకుంటావా?" అన్నారు. మా ఆయన ఎనిమిదో రోజున దరఖాస్తు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇంటర్ ముగించి వచ్చిన పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ళు మొదట ఆంటీ అనేవారు. మైనంతో పన్ను చెక్కడం నాకు ఎంతకీ వచ్చేది కాదు. నాకంటే చిన్నదైన మాస్టారమ్మ నేను చెక్కినదాన్ని వేళ్ళమధ్య తిప్పి చూసి మళ్ళీ చెక్కమనేది. సూది గుచ్చడం, పురుడు పోయడం తెలిసిన ఈ వేళ్ళకు ఏమీ రాదని తెలుసుకోవడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది.

చివరి సంవత్సరంలో మామ్మ వాళ్ళ వాడలోనే కాలేజీ వాళ్ళు క్యాంపు పెట్టారు. ఆడవాళ్ళెవరూ నోరు తెరవడానికి ముందుకు రాలేదు. మామ్మే తన పెద్ద కోడలిని రెక్క పట్టుకుని తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. ఈసారి తల వెనక్కి వంచి పైకి చూశాను. అంగిలి తెల్లగా, గరుకుగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. చుట్ట ఈరోజే మానాలని, ముక్క పరీక్షకు పంపాలని చెప్పాను.

ఆ కోడలు నవ్వేసింది. "మా అత్త తాగింది, నాను తాగతన్నాను. ఏటవుతాది?"

మామ్మ నోట్లోంచి పలక తీసి అరచేతిలో పెట్టుకుని అందరివైపూ తిరిగి ఏదో చెప్పసాగింది. గాలి బుసలు తప్ప ఒక్క మాటా ఎవరికీ అర్థం కాలేదు. చాలాసేపు అలాగే చెప్పి, పలక మళ్ళీ పెట్టుకుని, కోడలి ముఖంలోకి చూసి అంది.

"ఇన్నావా? ఇదవుతాది."

ఆ పూట ముప్పైమంది దాకా ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. కోడలిది క్యాన్సర్ దాకా వెళ్ళలేదు. చుట్ట మానేసింది, ఇప్పటికీ బాగానే ఉంది. మామ్మకు మాత్రం ఆ ఏడాదే క్యాన్సర్ తిరగబెట్టి మెడలో గడ్డలు తేలాయి. ఆఖరి రోజుల్లో వెళ్ళినప్పుడల్లా నా చదువు ఎంతవరకు వచ్చిందని అడిగేది. నేను పరీక్షల సంగతులు చెప్పేదాన్ని. చెప్పవలసిన మాట అది కాదని ఇద్దరికీ తెలుసుననుకుంటాను.

ఇప్పుడు ఆ వాడలో పక్కా ఇళ్ళు వచ్చాయి. చేపలు ఐసు పెట్టెల్లో ఆటోల మీద వెళుతున్నాయి. అడ్డపొగ అంటే ఏమిటని అక్కడి ఆడపిల్లలే నన్ను అడుగుతున్నారు. అలా అడగడం వింటే కడుపు నిండుతుంది. అప్పటి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నన్ను క్షమించమని నేను మామ్మను ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరి నోరు తెరిపించి పైకి చూస్తూనే ఉన్నాను గాని, అడగవలసినది చూపుతో తీరేది కాదని ఈ వయసులో తెలిసింది.