రెండో ట్యాంకు చూడని ఉదయం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా మంచితనం చెప్పుకోవడానికి నేను ఇక్కడ నిలబడలేదు. మాది రాజోలు దగ్గర పల్లె. డెబ్బైల చివర్లో దుబాయ్ వెళ్ళి, చమురు క్యాంపులకు మనుషుల్నీ సామాన్లనూ చేరవేసే చిన్న విమానాల కంపెనీలో మెకానిక్కు సహాయకుడిగా కుదిరాను. పేరుకు క్రైస్తవుణ్ణే గాని, సాయంత్రమైతే సీసా లేకుండా ఉండలేని మనిషిని! చేతులు వణికేవి, అబద్ధం మాత్రం వణక్కుండా వచ్చేది.

సముద్రపు తేమకు రెక్కల్లోని పెట్రోలు ట్యాంకుల అడుగున నీరు చేరేది, అది లోపలికి పోతే ఇంజన్ ఆగిపోతుంది. పొద్దున్నే ఒక్కో రెక్క కింద కాస్త పెట్రోలు గ్లాసులోకి పట్టి, నీళ్ళున్నాయేమో చూడడం నా పని. ఆ రోజు, రాత్రి తాగినదానికి తల పగిలిపోతుంటే ఒక రెక్క కింద చూసి, రెండోది చూడకుండానే అయిపోయిందని చెప్పేశాను. పైలట్ కెప్టెన్ అన్వర్, పాకిస్తానీ, నా మాట నమ్మాడు. క్యాంపులో సామాను దింపాలని నన్నూ ఎక్కమన్నారు. మేమిద్దరమే బయలుదేరాం.

కొంతదూరం పోయాక ఆయన రెండో ట్యాంకుకు మార్చాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది! మళ్ళీ మొదటి ట్యాంకుకు మార్చినా అందుకోలేదు, గాలి హోరు తప్ప ఏమీ లేదు, ఇసుక పైకి లేచి వస్తున్నట్టే ఉంది. “గట్టిగా పట్టుకో భాయ్!” అని అరిచాడాయన. నేను కళ్ళు మూసుకుని, “ప్రభువా, ఇది నేనే చేశాను, ఈయనకు ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఈయన్ని బతికించు, నేను దాచను” అన్నాను.

కెప్టెన్ ఎలాగో నేలకు దించాడు గాని, ముందు చక్రం ఉప్పునేలలో దిగబడి, విమానం ముక్కు మీద పడి, ఒక రెక్క విరిగింది. కానీ మంట అంటుకోలేదు, దేవునికే స్తోత్రం! కెప్టెన్‌కు చెయ్యి విరిగింది, నాకు పెదవి చిట్లింది. ఆయన్ని బయటికి లాగి, తోక నీడలో కూర్చోబెట్టి, నా చొక్కా చింపి చెయ్యి కట్టాను.

“ఇంజన్ ఖరాబ్ అయింది, మన చేతుల్లో ఏముంది?” అన్నాడాయన. ఊరుకుంటే ఎవరికీ తెలియదని సాతాను నా చెవిలో చెబుతూనే ఉన్నాడు. అయినా నాకొచ్చిన హిందీలో, “సాబ్, రెండో ట్యాంకు నేను చూడలేదు, ఝూఠ్ బోలా” అన్నాను, అబద్ధం చెప్పానని. ఆయన నా వైపు తిరిగి మేనేజరు మాట ఎత్తాడు, ముదీర్ అంటారు అక్కడ.

“ముదీర్ ముందు కూడా ఇదే చెబుతావా?”

“చెబుతాను సాబ్.”

మధ్యాహ్నానికి క్యాంపు జీపు వచ్చింది. మరునాడు మేనేజరు ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆయన బల్ల గుద్ది, “ఖలాస్! నువ్వు ఇంటికే!” అన్నాడు. చేతికట్టుతో పక్కనున్న కెప్టెన్, “తనే ఒప్పుకున్నాడు, పంపించకండి” అని వేడుకున్నాడు. విమానం ముట్టుకోకూడదని చెప్పి నన్ను లారీల షెడ్డుకు వేశారు.

సీసా మానడం ఒక్కరోజులో జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కాళ్ళు వాటంతటవే అమ్మేవాడి గది వైపు నడిచేవి! “ఈ ఒక్క పూట నిలబెట్టు తండ్రీ” అని మోకాళ్ళూని, పూట తరువాత పూట నిలబడ్డాను. తిరిగి వచ్చేదాకా లారీల షెడ్డులోనే ఉన్నాను, విమానాల దగ్గరికి పంపమని ఎన్నడూ అడగలేదు, అది న్యాయమే. మళ్ళీ తాగనూ లేదు. ఆ మహిమ నాది కాదు, నన్ను ప్రాణాలతో నేలకు దించినవానిది!

ప్రియులారా, మీరు నిజం చెప్పవలసిన మనిషి ఎవరైనా ఉంటే, కూటం ముగిసేదాకా ఆగకండి, ఇప్పుడే లేచి వెళ్ళండి. ఆయనను నమ్మండి, మీకంటే ముందే ఆయన ఆ గుమ్మం దగ్గర ఉంటాడు. ఆమేన్.