అమ్మినవాడు పక్క సీట్లో

మొన్న మా వీధిలో మెకానిక్ కిరసనాయిల్లో పాత బోల్టులు కడుగుతుంటే, ఆ వాసనకు నడుస్తున్నవాణ్ణి నడుస్తున్నట్టే ఆగిపోయాను. మద్దిలేటి రెడ్డి మామ చేతులు ఎప్పుడూ అదే వాసన. సున్నిపిండితో ఎంత రుద్దినా పోయేది కాదు. "ఈయన పక్కన కూర్చుంటే పప్పు కూడా కిరసనాయిలు కంపే" అని మా అత్త సణిగేది. వాళ్ళు మాకు చుట్టాలు కారు, కర్నూల్లో పక్కింటివాళ్ళు. మామా, అత్తా అని పిలవడం అలవాటైంది, అంతే.

మామకు కోసిగి దగ్గర వేరుశనగ చేలుండేవి. మనసు మాత్రం కార్ల మీద. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలిటరీవాళ్ళు వేలం వేసిన బళ్ళు కొని, విప్పి, ఆ సామాను తనలాంటి పిచ్చివాళ్ళకే అమ్మేవాడు. కార్లున్నవాళ్ళే తక్కువ, అందులో వేగం పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. కర్నూల్లో ఒక వకీలు, ఆదోని పత్తి వ్యాపారి, కడప డాక్టరు, ఇంకా కొందరు. కొత్త సామాను మద్రాసు నుంచి రావాలంటే నెలలు పట్టేది. అందుకని అందరూ మామ రేకుల షెడ్డుకే వచ్చేవాళ్ళు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నేను ఆయన వ్యాపారంలో కలిశాను.

మామకొక పద్ధతి ఉండేది. సామాను బిగించాక, కొన్నవాడు బండి నడపాలి, అమ్మినవాడు పక్కన కూర్చోవాలి. ఆ పరుగు అయ్యేదాకా బేరం అయినట్టు కాదు. ఒకసారి పత్తి వ్యాపారి ఒక బ్రేకు డ్రమ్ము మీద మనసు పడ్డాడు. మామ దాని మీద సన్నటి బీట చూపించాడు.

"ఏం కాదులే, ఇచ్చేయప్పా" అన్నాడు వ్యాపారి.

"నువ్వు తీసుకుంటావు సరే. నీ పక్కన కూర్చోవాల్సింది నేను కదా!" అన్నాడు మామ. వ్యాపారి పొట్ట పట్టుకుని నవ్వాడు.

కడప డాక్టరు తన కారును ఇంకా వేగంగా తోలాలని పెద్ద బ్రేకులు వేయించుకున్నాడు. వాటితోపాటు బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టాలూ మా షెడ్డువే. అలవాటు ప్రకారం మామ పక్క సీట్లో, నేను వెనక. కొండ ఘాటు రోడ్డు దిగుతుండగా, బ్రేకు తొక్కిన డాక్టరు కాలు నేలదాకా పోయింది.

"బ్రేకు పట్టల్యా!"

"కొండకు ఆనించు! లోయ దిక్కు పోవద్దు!" అని అరుస్తూ మామ చేతిబ్రేకు లాగాడు. కారు కొండను రాసుకుంటూ పోయి కాలవలో పడి ఆగింది. మామ మోచేయి విరిగింది. మా ఇద్దరికీ గీరుకుపోయిన గాయాలే.

మామకు కట్టు కట్టాక డాక్టరు కారు కిందికి దూరి, ఉబ్బి చీలిన గొట్టం బయటికి తీశాడు. "దీనికేం పూసినారు రెడ్డిగారూ?"

"శెనిగినూనె. నిగనిగలాడాలని అన్నింటికీ పూసినా. ఎద్దుల మెడకు కట్టే తోలు పట్టెడలకు పూసేదే కదప్పా."

"అయ్యో, బ్రేకు నూనె వేరు, ఈ నూనె రబ్బరుకు విషం! మా ఆసుపత్రిలో గొట్టాలకు చుక్క తగలనియ్యం." మామ ముఖం చూసి డాక్టరు గొంతు తగ్గించాడు. "ఈ మాట మనలోనే ఉండనీ. వేగంగా తోలింది నేనే, తప్పు నాదేనంటాను."

"నువ్వంటావులే. మిగతా బండ్లలో ఉండే గొట్టాలు వింటాయా?"

ఇంటికొచ్చాక అత్త కూడా అదే చెప్పింది. "గొట్టాలు పాతబడినాయని చెప్పండి చాలు. నూనె మాట ఎత్తితే ఊరంతా నవ్వుతాది."

"పాతబడినాయంటే రేపు చూద్దాంలే అంటారు. నూనె అంటే ఈ పొద్దే మారుస్తారు" అన్నాడు మామ.

షెడ్డులో ఇంకా విప్పని బళ్ళ నుంచి నూనె తగలని గొట్టాలు తీసుకుని, కట్టుకట్టిన చేత్తోనే బయలుదేరాడు, నేను బండి నడిపాను. వకీలు గుమ్మంలో నిలబెట్టే విన్నాడు. "శెనిగినూనెతో దోసెలు పోసుకోక నీకు కార్లెందుకప్పా?" అని గుమాస్తాల ముందే నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మామ మాత్రం, "ముందు గొట్టం మార్చు సామీ, తర్వాత నవ్వుకుందువు" అని, మార్చేదాకా ఎండలో నిలబడ్డాడు.

ఆదోనిలో పత్తి వ్యాపారి లేడు. భార్యాపిల్లలతో పెళ్ళికి బయలుదేరాడని చెప్పారు. వెంటపడి దారిలో పట్టుకున్నాం. వెనక సీట్లో పిల్లలు తొక్కుకుంటూ కూర్చున్నారు. మామ ఒంటి చేత్తో కారు కిందికి దూరి, గొట్టాన్ని బొటనవేలితో నొక్కాడు. అది మెత్తగా చీలి, బ్రేకు నూనె ఆయన మణికట్టు మీదుగా కారింది. ఎప్పుడూ నవ్వే వ్యాపారి రోడ్డు మీదే చతికిలబడిపోయాడు.

మామ మోచేయి మళ్ళీ సరిగా వంగలేదు. కార్లంటే ప్రాణమిచ్చిన మనిషి తర్వాత స్టీరింగు పట్టనే లేదు. శెనిగినూనె రెడ్డి అన్న పేరు ఆయన పోయేదాకా వదల్లేదు. ఆయన కూడా ఆ పేరుకే పలికేవాడు. నేను ఇప్పటికీ ఎవరికి ఏది అమ్మినా, పాత సైకిలైనా సరే, ముందు దాని లోపమే నా నోట్లోంచి వస్తుంది. మీతో వ్యాపారం దండగ అంటుంది మా ఆవిడ. దండగే.

ఆ పత్తి వ్యాపారి పిల్లలు ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకుంటున్నారు. ఎప్పుడైనా కలిస్తే శెనిగినూనె కథ చెప్పమని అడిగి, విరగబడి నవ్వుతారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు నవ్వనీ అనుకుంటాను. నవ్వడానికి వాళ్ళున్నారు.