మామగారి చేత తిట్టించుకున్న లేవి

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, వైటూకే అంటే ఆఫీసులన్నీ వణికిపోతున్న రోజులవి. ఆ పనిలోనే ఉన్న నాకు మాత్రం అంతకంటే పెద్ద భయం మా ఇంట్లోనే ఉండేది. మేమిద్దరం ఇష్టపడి పెళ్లి చేసుకున్నామని అప్పట్నుంచీ మా మొహం చూడని మామగారు, కూతురి పురిటికని బాపట్ల నుంచి సిడ్నీలో దిగారు. క్వేకర్స్ హిల్‌లో మా భోజనాల బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని, "అమ్మాయ్, అల్లుడుగారిని ఇంకాస్త పెట్టుకోమను" అనేవారు. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు మా తెలుగు క్రైస్తవ సహవాసంలో యాకోబు, ఆయన పన్నెండుమంది కొడుకుల నాటకం వేశాం. నెరిసిన గడ్డం ఉన్నది మామగారొక్కరికే కాబట్టి యాకోబు ఆయనే. నేను లేవిని. ఫోన్లో కూడా అరుస్తావు, నీకు మేకప్పెందుకన్నారు అందరూ. చెల్లెలికి అన్యాయం జరిగిందని అన్న షిమ్యోనుతో కలిసి ఊరి మగవాళ్లందర్నీ నరికేసిన కోపిష్టి కదా లేవి! చావుమంచం మీద తండ్రి ఈ ఇద్దరి కోపాన్నీ శపిస్తాడు.

రిహార్సల్‌లో నా వంతు రాగానే మామగారికి నోరు పెగిలేది కాదు. మా వైపు అల్లుణ్ని పల్లెత్తు మాటనరు. ఆ ముక్క తీసేయమని మామగారు బతిమాలినా దర్శకుడు ఒప్పుకోలేదు.

నాటకం రోజు, హాలు వెనక బార్బీ పొయ్యి మీద చికెన్ కాలుతుండగానే షిమ్యోను పేజర్ మోగింది. వేషం విప్పి ఆఫీసుకి పరిగెత్తాడు. దుప్పటి చుట్టుకుని నేనొక్కణ్నే మంచం పక్కన మోకరించాను.

మామగారు మంచం మీద లేచి నా వైపు తిరిగారు. ఇక దులిపేశారు. కోపమొస్తే ముందూ వెనకా చూడవన్నారు. అక్కడిదాకా యాకోబే. నిండు చూలాలిని వదిలేసి ఆ కంప్యూటర్లతో కాపురమేమిటన్నారు. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా నా బిడ్డని పెళ్లి చేసుకుంటావా అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. నాకు సిగ్గేయాలి కదా, ఎక్కడలేని సంతోషం! పరాయివాణ్ని ఎవరూ అలా తిట్టరు.

తిట్టి తిట్టి, నా తల మీద చెయ్యి పెట్టారు. "అయినా ఇంత కోపిష్టోడి పిల్లలకే గదా దేవుడు తన మందిరం సేవంతా అప్పజెప్పాడు," అన్నారు, ముందు వరసలో ఉన్న మా ఆవిడ కడుపు వైపు చూస్తూ. నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

తన వంతొచ్చిందని తర్వాతి కొడుకు యూదా ముందుకొచ్చాడు. మామగారు చెయ్యడ్డం పెట్టారు.

"ఆగవయ్యా. మావాడితో నాకింకా అవ్వలేదు."