రాయి పగలగొట్టే బండి

ఇస్నాపూర్‌లో నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, లోపలి రాగి తీగ మళ్లీ చుట్టి ఇవ్వడం నా పని. ఈ పనిలో ఉన్నవాడికి ఎన్నికలొస్తే భలే కాలక్షేపం. ఇరవై నాలుగు గంటల కరెంటు మా ఘనతేనని ఒక మైకు అరుస్తుంది, అదంతా ఉత్తదేనని ఇంకో మైకు అరుస్తుంది. నా బల్ల మీది మోటారు మాత్రం ఎవరి మాటా వినదు. వెనకటికి వోల్టేజీ సరిగా లేక మోటార్లు కాలేవి. ఇప్పుడు కరెంటు నిండుగా ఉంది, బోర్లలోనే నీళ్లు లేవు. ఎండిన బోరులో ఊరికే తిరిగి తిరిగి కాలుతున్నాయి. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ డబ్బా ఒకటుంటుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో పెట్టుకున్న ఆ డబ్బాను మా రైతులు ఇప్పటికీ తీయరు. ఎందుకు తీయరని ఎంతమందినో అడిగాను. నవ్వుతారు తప్ప చెప్పరు. వాళ్ల అలవాటే నాకు అన్నం పెడుతోంది కాబట్టి నేనూ గట్టిగా అడగను.

మా చిన్నమ్మ, అంటే మా నాన్న తమ్ముడి భార్య, ఇస్నాపూర్ పక్కనే ఊళ్లో ఉంటుంది. చుట్టూ ప్లాట్లు పడినా తన అర ఎకరం అమ్మలేదు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేస్తుంది. సాయంత్రం కట్టలు తెచ్చి చౌరస్తాలో కూర్చుంటే, కంపెనీల్లో షిఫ్టు దిగిన బీహార్, ఒడిశా కార్మికులు కొనుక్కుపోతారు. ఆమె బతుకంతా ఆ బోరు మీదే. ఆ చుట్టుపక్కల చాలా బోర్లలో నీళ్లు అదోరకం వాసన. ఆమె బోరు నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లే. నీళ్ల మంచిచెడ్డలు చెప్పేది ఆమె బర్రె. కొత్త నీళ్లు ఏవైనా ముందు బకెట్‌తో బర్రె ముందు పెడుతుంది. తాగితే ఇంట్లోకి, మూతి తిప్పుకుంటే బట్టలు ఉతకడానికి. ల్యాబుకు పంపిద్దామని నేనంటే, "నీ ల్యాబుకు ముక్కున్నదారా?" అని అడిగింది.

మొన్నటి ఎన్నికల ముందు ఆ బోరు సన్నబడింది. ఓ అర్ధగంట పోసి ఆగేది. సరిగ్గా అప్పుడే కండువా వేసుకున్న ఒకాయన ప్రచారానికి వచ్చి కరెంటు గురించి దంచికొట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆయన మా చిన్నమ్మను ఎరగడు.

"నాయినా, కరెంటు ఇరవై నాలుగ్గంటలున్నది. నీళ్లే అర్ధగంట వస్తున్నయి. కరెంటు పోసి పాలకూర పెంచమంటవా?" అంది.

జనం నవ్వారు. ఆయన చిన్నబోలేదు. "బండి తెప్పిస్తం అక్కా. బోర్ల రాయి పగలగొట్టి నీళ్లు తీసే బండి. ఎన్నికల కోడ్ పడేలోపే తెప్పిస్త" అని మాటిచ్చాడు.

ఆ బండి సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి దెబ్బలు తిన్నవాణ్ని, ఏ యంత్రమైనా లోపల ఏముందో చూడందే ఊరుకోలేను. ఫోన్లో వెతికాను. బోరులోంచి మోటారు, పైపులు పైకి తీస్తారట. రబ్బరు బిరడా లాంటిది లోపలికి దించి బిగిస్తారట. దాని కిందికి ట్యాంకరు నీళ్లను విపరీతమైన ఒత్తిడితో కొడితే రాతిలో మూసుకుపోయిన సందులు తెరుచుకుని, ఎక్కడెక్కడో ఆగిన నీళ్లు బోరులోకి వస్తాయట. అమెరికాలో గ్యాసు కోసం ఇంకా లోతున ఇలాగే చేస్తారనీ, అక్కడ దాని మీద ఎన్నికల్లో కొట్టుకుంటారనీ చదివాను. మా ఊళ్లో ఎవరూ కొట్టుకోలేదు. అందరూ బండి ఎప్పుడొస్తుందనే అడిగారు.

ఆయన మాట తప్పలేదు, బండి వచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు షాపు మూసి పరిగెత్తాను. ముందు చిన్నమ్మ బోరే. ఆపరేటర్ ఉత్తరాది మనిషి. గొట్టాలు దించుతుంటే చిన్నమ్మ ట్యాంకరు చుట్టూ ఒకసారి తిరిగింది.

"గీ నీళ్లు ఎక్కడియి?" అని అడిగింది.

"కుంటా కా పానీ హై అమ్మా. ఇధర్ హీ నజ్దీక్" అన్నాడతను.

దగ్గర్లో ఉన్న కుంట ఒక్కటే, కంపెనీల దిగువది, వాటి మురుగంతా చేరేది. చిన్నమ్మ ట్యాంకరు నల్లా తిప్పి బకెట్ నింపి బర్రె ముందు పెట్టింది. బర్రె మూతి దించింది, బుస్సున ఊదింది, వెనక్కి జరిగింది.

"ఇగ నా బోర్ల కొట్టొద్దు" అంది చిన్నమ్మ.

"బర్రె మాటిని బోరు ఆపుతవా అక్కా? రెండు రోజులల్ల కోడ్ పడతది. మళ్ల బండి రాదు" అన్నాడు కండువా ఆయన.

"రాకపోతే రాకపాయె. ఉన్న అర్ధగంట నీళ్లు నాకు సాలు."

గొట్టాలు మళ్లీ బండెక్కుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం వచ్చిన యంత్రం నడవకుండానే పోతుందా? పక్క చేను మామ బోరు ఎండిపోయి రెండేళ్లవుతోందని గుర్తొచ్చింది. "ఆడ కొట్టుండ్రి" అని ఆపరేటర్‌కు చెప్పింది నేనే. మామ సంబరంగా ఒప్పుకున్నాడు.

చిన్నమ్మ నా దగ్గరికొచ్చి, "మంచినీళ్లు తెప్పిచ్చుకోమను బిడ్డా. గా నీళ్లతోని కొట్టొద్దని జెర చెప్పు" అంది.

"గది ఆయన బోరు గదా చిన్నమ్మా, నీకేంది?" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను. ఆ పూట మాత్రం సిగ్గూ లేదు, భయమూ లేదు. ఒత్తిడి చూపే మీటరు ముల్లు పైకి ఎక్కుతుంటే, గొట్టం వణుకుతుంటే, ఊపిరి బిగబట్టి చూశాను. ముల్లు ఉన్నట్టుండి పడిపోయింది. రాయి విచ్చుకుందని ఆపరేటర్ బొటనవేలు చూపించాడు. నేను చప్పట్లు కొట్టాను. మర్నాడు మోటారు దించితే మామ బోరు ధారగా పోసింది. కండువా ఆయన ఆ ధార పక్కన నిలబడి ఫొటో దిగాడు.

వారం తిరిగేసరికి చిన్నమ్మ బోరు కూడా గంటసేపు పోయడం మొదలుపెట్టింది. "సూసినవా, నీకు గూడ లాభమే" అని ఆటపట్టించాను. ఆమె నవ్వలేదు. భూమి మీద చేనుకీ చేనుకీ మధ్య గెట్లు ఉంటాయి గానీ రాతి కింద ఉండవని, రోజూ బోరు మోటార్లతో బతికే నాకు అప్పుడు తట్టలేదు. ఒక బోరు వేస్తే పక్క బోరు ఎండిపోవడం ఎన్నిసార్లు చూడలేదు నేను!

పోలింగ్ రోజు పొద్దున చిన్నమ్మను ఓటుకు తీసుకుపోదామని బండేసుకుని వెళ్లాను. ఆమె కొట్టం దగ్గర నిలబడి ఉంది. బర్రె ముందు బకెట్, నిండా ఆమె బోరు నీళ్లే. బర్రె మూతి దించింది, ఊదింది, వెనక్కి జరిగింది. నేను వంగి వాసన చూశాను. బర్రె అక్కర్లేకుండానే తెలిసింది. ట్యాంకరు నీళ్లే ఇటు వచ్చాయో, విచ్చుకున్న రాతిలోంచి కుంటకే దారి పడిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

చిన్నమ్మ నన్ను తిట్టలేదు. "ఆ మిషన్ ఎట్ల పనిజేస్తదో సూస్తనని ఉరికొస్తివి గదా బిడ్డా. సూడు" అంది. తర్వాత చెప్పులేసుకుని, ఓటరు స్లిప్పు కొంగున ముడేసుకుని, నా బండి ఎక్కకుండా పోలింగ్ జరిగే బడి వైపు నడిచింది.

బకెట్ ఎత్తి, ఆ నీళ్లు పారబోయడానికి చోటు వెతికాను. పాలకూర మడిలో పోయలేను. గట్టు మీద పోసినా అవి ఇంకేది మళ్లీ ఆ భూమిలోకే.