అన్నీ ఎడమ చేతులే

మా ఆయన మీద అరిచి నెగ్గినవాడు లేడు. మర్యాదగా మాట్లాడినవాడు మాత్రం ఇట్టే బుట్టలో వేసుకుంటాడు. బడి యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా కటింగ్ మాస్టరు. ఆ కటింగ్ బల్లే ఆయన పరువు, ప్రాణం. యజమాని ఓసారి "ఒరేయ్" అన్నాడని మూడు రోజులు పనికి వెళ్లలేదు మహానుభావుడు.

ఆ ఏడు మంచివైపు, వెనకవైపు వేరుగా ఉండే గుడ్డ వచ్చింది. అలాంటిదాన్ని మడత పెట్టి కోస్తేనే చొక్కా చేతులు కుడీ ఎడమా జతగా వస్తాయి. కొత్త సూపర్‌వైజర్‌కు ఎక్కడలేని తొందర. "మడతలకి టైం లేదండీ, అంతా ఒకేవైపు పరిచి కోసేయండి" అన్నాడు. ఈయన వద్దని రెండుసార్లు చెప్పినా వినలేదు. నాలుగు వందల చేతులు, అన్నీ ఎడమవే! రెండూ ఎడమ చేతులే ఉన్న పిల్లల్ని ఎక్కడ వెతికి తెస్తారు?

మర్నాడు సూపర్‌వైజర్ బల్ల దగ్గరికొచ్చి ఈయన చేతులు పట్టుకున్నాడట. "తప్పు నాదే మాస్టారూ, క్షమించండి. చేరి నెల కూడా కాలేదు, నా పేరు రాస్తే తీసేస్తారు. మీరు పెద్దవారు, మిమ్మల్నేమీ అనరు" అంటూ కాగితం ముందు పెట్టాడు. తప్పు తనదేనని మా ఆయన సంతకం చేసి వచ్చాడు.

"బుద్ధుందా మీకు? రేపే వెళ్లి యజమానికి నిజం చెప్పండి" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"కళ్లనీళ్లు పెట్టుకున్నాడే పాపం. ఎలా కాదనను?"

వారం తిరక్కుండా బల్ల వేరేవాళ్లకిచ్చి, ఈయన్ని దారాలు కత్తిరించే మూలన కూర్చోబెట్టారు. సూపర్‌వైజర్ అటు వెళ్లినప్పుడల్లా "ఏమీ అనుకోకండి మాస్టారూ" అనేవాడు. ఆ మాట ఒంటికి రాసుకోవాలా? నెల తర్వాత ఆ మూలన కూడా మనిషి అక్కర్లేదన్నారు. యజమాని స్వయంగా గేటు దాకా వచ్చి, "మన్నించండి" అని సాగనంపాడట. అది గొప్పగా చెప్పుకుంటూ ఇంటికొచ్చాడు ఈయన!

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సూపర్‌వైజర్‌ని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తే ఆ బల్ల తిరిగిస్తారేమోనని చెప్పులేసుకున్నాను. ఈయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"నీ మాట వినలేదు. తప్పయిపోయింది, క్షమించవే."

ఏం చెప్పను నా బతుకు! కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. "అయ్యో, అంత మాటెందుకండీ" అంటూ చెప్పులు విప్పేశాను. ఆ ఫ్యాక్టరీ గేటు వైపు మేమిద్దరం మళ్లీ వెళ్లలేదు.